శాఖా గ్రంథాలయంలో ఆన్‌లైన్ కార్యక్రమాలు: ప్రాజెక్టు డైరీ

గుంటూరు వైపు కాలువ కింద ఉన్న ఒక మండల కేంద్రంలో మాది శాఖా గ్రంథాలయం. ముందు వరండా, మధ్యలో పఠన మందిరం, వెనుక పుస్తకాల గది ఉన్నాయి. ఉదయం 8 నుంచి 11 వరకు, సాయంత్రం 4 నుంచి 7 వరకు తెరిచి ఉంటుంది. గ్రంథాలయ సంస్థ అనుమతితో, పాఠకులు వేసుకున్న చందాలతో ఇక్కడి నుంచి ఆన్‌లైన్‌లో మూడు రకాల కార్యక్రమాలు నడుపుతున్నాము: ఆదివారం పిల్లల కథాపఠనం, బుధవారం పోటీ పరీక్షల అభ్యర్థుల చర్చ, నెలకొకసారి పెద్దల పుస్తక గోష్ఠి. ఇలాంటి గ్రంథాలయాన్నే నడుపుతున్నవారు మా పద్ధతిని యథాతథంగా వాడుకోవడానికి, మాకు ఎదురైన ఆటంకాలను ముందే తప్పించుకోవడానికి ఈ డైరీ రాస్తున్నాను. ఇందులోని కొలతలు మా గదివి, మా కనెక్షన్‌వి. మీ దగ్గర అంకెలు మారతాయి కాని కొలిచే పద్ధతి మారదు.

దశ 1: తీగ, గోడలు, కరెంటు

రశీదు మీద నెట్ వేగం 30 ఎంబీపీఎస్ అని ఉంది. అది మన వైపు వచ్చే వేగం. కార్యక్రమం నడిపేవారికి ముఖ్యమైనది మన గది నుంచి బయటికి పోయే అప్‌లోడ్ వేగం, అది రశీదు మీద ఎక్కడా ఉండదు. ఉదయం 11 గంటలకు వైఫై పెట్టె పక్కనే కూర్చుని కొలిస్తే అప్‌లోడ్ 9 ఎంబీపీఎస్ వచ్చింది. సాయంత్రం ఏడున్నరకు, కార్యక్రమం జరగవలసిన వెనుక గదిలో కొలిస్తే 0.9 మాత్రమే వచ్చింది. కథ చదువుతుండగా వాక్యం సగంలో తెగిపోవడానికి కారణం ఇదే.

ఈ తగ్గుదలలో సాయంత్రపు రద్దీ వాటా ఎంతో, దారిలో అడ్డుగా ఉన్న పుస్తకాల ఇనుప బీరువాల వాటా ఎంతో విడదీయకుండా డబ్బు ఖర్చు పెట్టకూడదనుకున్నాము. విడదీసిన పద్ధతి ఇది:

1. సాయంత్రం ఏడున్నరకే, లాప్‌టాప్‌ను వైఫై పెట్టె దగ్గరికి తెచ్చి చిన్న తీగతో కలిపి కొలిచాము: 3.8 ఎంబీపీఎస్. అంటే రద్దీ వలన 9 కాస్తా 3.8కి పడిపోతోంది.
2. అదే వేళకు వెనుక గదిలో వైఫై మీద కొలిచాము: 0.9. ఈ రెండో తగ్గుదల బీరువాలది.
3. ఫోనులో సంకేత బలం చూస్తే పెట్టె దగ్గర మైనస్ 47, బీరువాల వెనుక మైనస్ 78 డీబీఎం ఉంది (ఈ కొలతలో అంకె సున్నాకు దగ్గరయ్యేకొద్దీ సంకేతం బలంగా ఉన్నట్టు).

రద్దీ మన చేతిలో లేదు. బీరువాలను దాటడానికి 15 మీటర్ల నెట్‌వర్క్ తీగను గోడ వెంట క్లిప్పులు కొట్టి వెనుక గదికి లాగాము. అప్పటి నుంచి అక్కడ కూడా సాయంత్రం 3.8 వస్తోంది, మాకు అది చాలు. వైఫై సంకేతాన్ని పెంచే పరికరం కొనమని చాలామంది సలహా ఇచ్చారు. నిండుగా పుస్తకాలున్న ఇనుప బీరువాల వరుసల మధ్య దానికంటే తీగ చౌక, నమ్మకం కూడా ఎక్కువ.

శబ్దం ఇంతకంటే పెద్ద సమస్య అయింది. వెనుక గది సిమెంటు స్లాబు, మొజాయిక్ నేల, బోసి గోడలు. ఒక్కసారి చప్పట్లు కొడితే ఆ మోత కాసేపు గదిలోనే తిరుగుతుంది. ఆ మోత చదివే మాట మీద పడి, వినేవారికి అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఎదురుగా ఉన్న మనిషి మాటను చెవి ఏరుకుంటుంది కాని ఫోను స్పీకరులో ఆ అవకాశం ఉండదు. చదివేవారి ముందు గోడకు ఒకటి, వెనుక గోడకు ఒకటి మందపాటి జంపఖానాలు వేలాడదీశాము, బల్ల మీద దుప్పటి పరిచాము. చప్పట్ల మోత స్పష్టంగా తగ్గింది.

ఫ్యాను విషయంలో ఫోను యాప్‌తో కొలిచాము. ఆ యాప్ చూపే అంకె సరైనదని చెప్పలేము, అయినా ఒకే ఫోనుతో ఒకే చోట కొలిచినప్పుడు తేడాను నమ్మవచ్చు. ఫ్యాను ఆపితే 41, రెండో నంబరు మీద 47, ఐదో నంబరు మీద 57 డెసిబెల్స్. వేసవిలో ఫ్యాను ఆపి చదవమని ఎవరినీ అడగలేము కనుక రెండో నంబరుకు కట్టుబడి, మైకును నోటికి దగ్గరగా జరిపాము.

కరెంటు పోయినప్పుడు నెట్ ఆగకుండా చిన్న యూపీఎస్ కొన్నాము. వైఫై పెట్టె అడాప్టరు మీద 12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంది కనుక దానికి సరిపడే రకం తీసుకున్నాము. మొదటి కోతలో వైఫై పెట్టె దీపాలు వెలుగుతూనే ఉన్నా నెట్ మాత్రం పోయింది. కారణం, గోడ మీద ఫైబర్ తీగ వచ్చి చేరే పెట్టె వేరే ఉంది, దానికి కరెంటు వేరే అడాప్టరు నుంచి వస్తోంది. కొనే ముందు మీ దగ్గర పెట్టెలు ఎన్నో, ఒక్కొక్కదానికి ఎన్ని వోల్టులో రాసుకుని, అన్నిటికీ సరిపడే యూపీఎస్ తీసుకోండి. మాది మార్చుకున్నాక రెండు పెట్టెలనూ దాదాపు రెండు గంటలు నడుపుతోంది.

ఇప్పటివరకు ఖర్చు: తీగ, క్లిప్పులు 480, జంపఖానాలు 900, యూపీఎస్ 1,350. మొత్తం 2,730 రూపాయలు.

దశ 2: మైకు, వేదిక, వినేవారి డేటా

కాలరు మైకు 650 రూపాయలకు వచ్చింది. ఫోనుకు గుచ్చి కార్యక్రమం నడిపితే గొంతు మునుపటిలాగే దూరం నుంచి వినిపించింది. ప్లగ్గును దగ్గరగా చూస్తే సంగతి తెలిసింది: దాని మీద నల్ల గీతలు రెండే ఉన్నాయి. ఫోను సాకెట్‌కు మూడు గీతల ప్లగ్గు కావాలి. రెండు గీతల ప్లగ్గు కెమెరాలకు, రికార్డర్లకు చేసినది. దాన్ని గుచ్చినా ఫోను ఏమీ చెప్పకుండా తన సొంత మైకునే వాడుకుంటుంది, అందుకే తేడా పట్టుబడదు. 150 రూపాయల మార్పిడి ప్లగ్గుతో సమస్య తీరింది. మీరు ఏ మైకు కొన్నా కార్యక్రమానికి ముందు వేరే ఫోనులో వింటూ, మైకు తలను గోటితో మెల్లగా తట్టండి. ‘టక్’మని చెవి దగ్గరే వినిపిస్తే ఆ మైకు పనిచేస్తున్నట్టు, దూరంగా వినిపిస్తే ఫోను తన మైకుతో వింటున్నట్టు.

మైకును గడ్డానికి జానెడు కింద పెట్టాలి. పట్టుచీర కొంగు రాపిడి వినేవారికి పెద్ద గరగరగా చేరుతుంది. మెడలోని గొలుసు మైకుకు తగిలితే ఆ చప్పుడు చదువుతున్న మాటను మింగేస్తుంది. చదవడానికి వచ్చే ఆడవాళ్లకు ముందే ఫోను చేసి నూలుచీర కట్టుకుని, గొలుసు లోపలికి వేసుకుని రమ్మని చెబుతున్నాము. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది కాని మా రికార్డింగుల్లో వాడుకోవడానికి పనికిరాకుండా పోయినవన్నీ ఈ రాపిడి వలన పోయినవే.

వేదిక ఎంపికలో గడువు ప్రధానం. జూమ్ ఉచిత ఖాతాలో సమావేశం 40 నిమిషాలకు ముగుస్తుంది. గూగుల్ మీట్ ఉచిత ఖాతాలో ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువమంది ఉన్న సమావేశానికి 60 నిమిషాల గడువు ఉంది. రెండింటిలోనూ 100 మందికి చోటు ఉంటుంది. మా కార్యక్రమం నిడివి 50 నిమిషాలు కనుక రెండోది తీసుకున్నాము. చందా కట్టి గడువు పెంచుకోవచ్చు కాని ప్రతి నెలా కట్టవలసిన సొమ్మును పాఠకుల చందాల మీద మోపడం నాకు సమ్మతం కాదు, పైగా 50 నిమిషాలకు మించి వినగలిగేవారు తక్కువ.

అసలు లెక్క వినేవారి డేటాది. ఒక పాఠకురాలి ఫోనులో కార్యక్రమానికి ముందూ తరువాతా డేటా వాడకం చూసి రాసుకున్నాము. వీడియోతో 45 నిమిషాలకు 240 ఎంబీ ఖర్చయింది, వీడియో లేకుండా మాట మాత్రమే వింటే 28 ఎంబీ. రోజుకు ఒక జీబీ ప్యాకు ఉన్న ఇంట్లో, అదే ఫోను మీద పిల్లవాడి పాఠాలు, తండ్రి పని కూడా నడుస్తున్నప్పుడు 240కి 28కి ఉన్న తేడా వల్లే వచ్చే ఆదివారం మళ్లీ వింటారా లేదా అన్నది తేలుతుంది. అందుకే ఈ నియమాలు పెట్టుకున్నాము:

1. చదివేవారి వీడియో మొదటి రెండు నిమిషాలు, చివరి ఐదు నిమిషాలు మాత్రమే ఉంటుంది.
2. బొమ్మల పుస్తకం పేజీలు చూపేటప్పుడు తప్ప, మధ్యలో పుస్తకం అట్ట బొమ్మ ఒక్కటే కదలకుండా నిలుస్తుంది.
3. వినేవారు కెమెరా తెరవనక్కరలేదని ప్రతిసారీ చెబుతాము.
4. లింకును పెద్ద వాట్సాప్ గుంపుల్లో పెట్టము. ఒకసారి అలా పెట్టినప్పుడు పిల్లల కార్యక్రమంలోకి సంబంధం లేనివారు వచ్చి గోల చేశారు. ఇప్పుడు అడిగినవారికే పంపుతున్నాము, సమావేశంలో చేరే ముందు పేరు చూసి లోపలికి అనుమతిస్తున్నాము, తెర పంచే అధికారం నిర్వాహకులకే ఉంచుతున్నాము.

ఇప్పటివరకు ఖర్చు: మైకు 650, మార్పిడి ప్లగ్గు 150, ఫోను నిలిపే స్టాండు 550. మొత్తం 4,080 రూపాయలు.

దశ 3: ఆదివారం కథాపఠనం

హాజరును ఒకే అంకెగా రాయడం మానేసి, పది నిమిషాలకొకసారి లెక్కపెట్టడం మొదలుపెట్టాక చాలా సంగతులు బయటపడ్డాయి. తొలి కార్యక్రమాల్లో ఒకదాని లెక్క ఇది: ఆరంభంలో 31 మంది, పదో నిమిషంలో 34, ఇరవయ్యో నిమిషంలో 22, ముప్పయ్యో నిమిషంలో 14. పదో నిమిషానికి, ఇరవయ్యో నిమిషానికి మధ్య ఏం జరిగిందో రికార్డింగు విన్నాము. స్వాగతోపన్యాసం, అధ్యక్షుల తొలిపలుకులు, అతిథి పరిచయం అప్పటికి ఇంకా నడుస్తున్నాయి, కథ మొదలుకాలేదు. సభలో కూర్చున్నవారు మర్యాద కోసమైనా కదలరు, వేదిక మీది పెద్దలు చూస్తుంటారు. ఫోను పట్టుకున్న ఎనిమిదేళ్ల పిల్లకు ఆ మొహమాటం లేదు, ఉండనక్కరలేదు కూడా. ఇప్పుడు మూడో నిమిషంలో కథ మొదటి వాక్యం వినిపిస్తుంది. అతిథుల పరిచయం, వందన సమర్పణ చివర రెండు నిమిషాల్లో ముగుస్తాయి. పెద్దలకు ముందే ఇంటికి వెళ్లి చెప్పి వచ్చాము, ఎవరూ నొచ్చుకోలేదు. మార్చిన తరువాతి ఆదివారం లెక్క 29, 33, 30, 27.

బొమ్మల పుస్తకం చూపించడంలో మూడు ఇబ్బందులు వచ్చాయి. నున్నటి కాగితం మీద పైనున్న ట్యూబులైటు తెల్లటి చారగా మెరిసి సగం బొమ్మను కప్పేసింది. ఆ లైటు ఆర్పి, బల్ల దీపాన్ని పుస్తకానికి ఎడమ పక్కన ఏటవాలుగా పెడితే పోయింది. రెండోది, ముందు కెమెరా వాడినప్పుడు మన తెర మీద అక్షరాలు అద్దంలోలాగా తిరగబడి కనిపిస్తాయి, చదివేవారు కంగారుపడి పుస్తకం తిప్పుతారు. వినేవారికి అక్షరాలు సరిగానే కనిపిస్తున్నాయని వేరే ఫోనులో చూపించాక ఆ కంగారు తగ్గింది.

మూడోది తెలుగుకు ప్రత్యేకమైనది. నెట్ నెమ్మదించినప్పుడు బొమ్మ 360 గీతల స్థాయికి, అంటే పైనుంచి కిందికి 360 చుక్కల వరుసలకు, పడిపోతుంది. పేజీ మొత్తం, అంటే 18 పంక్తులు, ఒకేసారి చూపితే ఒక్కో పంక్తికి 20 గీతలు వస్తాయి. అందులో పంక్తుల మధ్య ఖాళీ, గుడి, దీర్ఘం పోగా కింద ఒత్తుకు మిగిలేది ఐదారు గీతలు. ఆ స్థాయిలో ‘క్త’కు, ‘క్ర’కు తేడా కనిపించదు, చదవడం నేర్చుకుంటున్న పిల్లలు అక్కడే ఆగిపోతారు. ఒకేసారి ఆరు పంక్తులకు మించి చూపకుండా కెమెరాను దగ్గరికి దించాము. పంక్తికి 60 గీతలు వస్తే ఒత్తు స్పష్టంగా నిలుస్తుంది.

ఏ కథ చదవాలన్నది చట్టంతో ముడిపడిన విషయం కనుక వివరంగా రాస్తున్నాను. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత మరణించిన ఏడాది ముగిశాక 60 ఏళ్ల వరకు హక్కులు ఉంటాయి. 1960లో ఏ నెలలో కన్నుమూసినవారి రచనలైనా 2021 జనవరి 1 నుంచి అందరివీ అయినట్టు. 1915లో కన్నుమూసిన గురజాడ, 1919లో కన్నుమూసిన కందుకూరి రచనలకు గడువు ఎప్పుడో తీరింది. ఇటీవలి రచయితల పుస్తకం నుంచి కొంత భాగాన్ని సభలో చదవడానికి చట్టంలో వెసులుబాటు ఉంది కాని రికార్డు చేసి నెట్‌లో శాశ్వతంగా ఉంచడం వేరే పని. అందువల్ల గడువు తీరినవాటినే పూర్తిగా చదివి రికార్డు చేస్తున్నాము. మిగిలినవాటికి రచయితనో, వారి కుటుంబాన్నో, ప్రచురణకర్తనో అడిగి ఉత్తరం తీసుకుంటున్నాము. కథ పాతదైనా బొమ్మ వేసినవారి హక్కు వేరుగా ఉంటుందని మరవకూడదు. బాపు గారు కన్నుమూసినది 2014లో కనుక ఆయన బొమ్మలున్న పేజీలను రికార్డింగులో చూపడం లేదు.

పిల్లల ముఖాలు, పేర్లు రికార్డు చేయడం లేదు. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణకై 2023లో వచ్చిన చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, తల్లిదండ్రుల సమ్మతి అడుగుతుంది. సమ్మతి పత్రం ఒక పేజీలో తెలుగులో తయారుచేసి గ్రంథాలయంలోనే సంతకం చేయించుకుంటున్నాము. ఆ సంతకానికి వచ్చిన తల్లులు కొందరు సభ్యత్వం కూడా తీసుకున్నారు.

పుస్తకాల వైపు ఒక ఆటంకం వచ్చింది. ఒక కథాపఠనం ముగియగానే 12 మంది అదే పుస్తకం కావాలన్నారు, మా దగ్గర ఉన్నది ఒకే ప్రతి. రెండు వారాల తరువాత ఆ పుస్తకం చేతికొచ్చేసరికి పిల్లవాడికి ఆసక్తి పోతుంది. ఇప్పుడు కథ ఎంచేటప్పుడే ఇలా చేస్తున్నాము:

1. నమోదు పుస్తకంలో ప్రతులు ఎన్నో చూస్తాము. కనీసం మూడు ఉండాలి.
2. లేకపోతే పక్క శాఖల నుంచి, జిల్లా కేంద్ర గ్రంథాలయం నుంచి నెల రోజులకు తెప్పిస్తాము.
3. అవీ దొరకకపోతే అదే రచయితవో, అదే రకానివో మరో నాలుగు పుస్తకాలను బల్ల మీద సిద్ధంగా ఉంచి, కార్యక్రమం చివర వాటి అట్టలు చూపిస్తాము.

ఇప్పటివరకు: కథాపఠనాలు 6. వాటి వలన పాఠకుల ఇళ్లకు వెళ్లిన పుస్తకాలు 19. ఖర్చులో మార్పు లేదు, 4,080 రూపాయలు.

దశ 4: స్మార్ట్‌ఫోను లేనివారు

పుస్తక గోష్ఠికి రావలసిన పెద్దవాళ్లలో చాలామంది దగ్గర బటన్ల ఫోనే ఉంది. ముందు మామూలు ఫోను కాల్‌ను కలిపి చూశాము. మామూలు మొబైల్ కాన్ఫరెన్స్ కాల్‌లో మనం కాక ఐదుగురికి మించి కలపలేము. పైగా ఆ ఫోనును స్పీకరులో పెట్టి లాప్‌టాప్ పక్కన ఉంచితే, ఒకదాని మాట ఒకదానిలో తిరిగి పెద్ద కూత పుట్టింది. దూరం పెంచితే కూత తగ్గింది కాని మాట కూడా తగ్గింది. ఈ దారి వదిలేశాము.

తరువాత రామాలయం అరుగును శ్రవణ కేంద్రంగా మార్చాము. అక్కడ ఒక యువకుడి ఫోను, ఒక చిన్న స్పీకరు, సాయంత్రం ఎలాగూ చేరే పన్నెండు మంది పెద్దలు ఉంటారు. 1935లో పెదవడ్లపూడిలో పాతూరి నాగభూషణం గారు పడవ గ్రంథాలయం నడిపి కాలువ ఒడ్డున ఉన్న ఊళ్లకు పుస్తకాలు చేర్చారు. పాఠకుడు ఉన్నచోటికి గ్రంథాలయం వెళ్లాలన్న పట్టుదల ఈ ప్రాంతానికి కొత్తది కాదని అరుగు మీద అందరికీ తెలుసు, ఆ పడవ సంగతి తమ పెద్దల నోట విన్నవాళ్లూ ఉన్నారు.

మొదటి వారం స్పీకరును బ్లూటూత్‌తో కలిపాము. వినడం బాగానే ఉంది, మాట్లాడడమే కుదరలేదు. బ్లూటూత్ కలిసినప్పుడు ఫోను తన మైకును పక్కనపెట్టి స్పీకరులో ఉన్న నాసిరకం మైకును వాడుకుంటోంది. ఆ సమయంలో వినిపించే మాట నాణ్యత కూడా పడిపోతోంది. నేను అరుగు దగ్గరికి వెళ్లినప్పుడు ఒక పెద్దాయన అన్న మాట అలాగే రాస్తున్నాను: “బొమ్మ లేకపోయినా మాకు ఇబ్బంది లేదమ్మా, మాట మింగేస్తోంది, ముందు అది చూడండి.” మా మొత్తం పనికి అదే కొలబద్ద అయింది. బొమ్మ నాణ్యత కోసం ఆ తరువాత ఒక్క రూపాయి ఖర్చు పెట్టలేదు.

పరిష్కారం తీగలోనే దొరికింది. ఫోను నుంచి స్పీకరుకు రెండు గీతల ప్లగ్గులున్న మామూలు ఆడియో తీగ వేస్తే శబ్దం స్పీకరులోకి వెళుతుంది, మైకు మాత్రం ఫోనుదే పనిచేస్తుంది. దశ 2లో అడ్డుపడిన ఆ రెండు గీతలే ఇక్కడ పనికొచ్చాయి. ప్రశ్న అడిగేవారి చేతికి ఫోను అందిస్తారు, అప్పుడు స్పీకరు గొంతు తగ్గిస్తారు. ఈ రెండు పనులూ ఒకే మనిషి చేయాలి, ఇద్దరు చేస్తే కూత మళ్లీ పుడుతుంది.

అరుగు దగ్గరికి ప్రతి గోష్ఠికీ పది పదిహేను పుస్తకాల సంచి కూడా పంపుతున్నాము. పెద్ద అక్షరాల పుస్తకాలు ముందు ఖాళీ అవుతున్నాయి.

ఇప్పటివరకు ఖర్చు: స్పీకరు, ఆడియో తీగ 1,200. మొత్తం 5,280 రూపాయలు. ఇళ్లకు వెళ్లిన పుస్తకాలు 31.

దశ 5: బుధవారం చర్చ

పోటీ పరీక్షల అభ్యర్థులు గ్రంథాలయం తెరిచి ఉన్నంతసేపూ మా పఠన మందిరంలోనే ఉంటారు కనుక చర్చను రాత్రి 8 గంటలకు పెట్టాము. వచ్చిన ఇబ్బంది ఫాంట్లది. పాత నోట్సులన్నీ యూనికోడ్ (ఏ కంప్యూటరులోనైనా ఒకేలా చదవగలిగే అక్షర పద్ధతి) కాని, అచ్చుపనికి వాడే డీటీపీ ఫాంట్లలో ఉన్నాయి. వేరే కంప్యూటరులో తెరిస్తే అక్షరాల స్థానంలో అర్థం లేని గుర్తులు వస్తున్నాయి. వక్తలను ఫైలును పీడీఎఫ్‌గా మార్చి ముందురోజే పంపమని అడుగుతున్నాము. కొత్తగా తయారుచేసేవి యూనికోడ్‌లో, పేజీకి ఆరు పంక్తులకు మించకుండా ఉండాలన్నది నియమం, కారణం దశ 3లో రాసిన ఒత్తుల లెక్కే.

ప్రశ్నలు అడగడానికి అభ్యర్థులు జంకుతున్నారు, ముఖ్యంగా ఆడపిల్లలు. ముందురోజు వాయిస్ మెసేజిగా పంపితే పేరు చెప్పకుండా చదువుతామని ప్రకటించాక ప్రశ్నలు పెరిగాయి. ఇంతకు మించి ఇక్కడ మార్చవలసినది ఏమీ రాలేదు.

దశ 6: వారోత్సవాలు, వేళల లెక్క

నవంబరు 14 నుంచి 20 వరకు జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు. 1914 ఏప్రిల్‌లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో జరిగిన గ్రంథాలయ కార్యకర్తల మహాసభ, దాని నుంచి పుట్టిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం గోష్ఠికి విషయం. డల్లాస్‌లో ఉంటున్న మా ఊరివాళ్లు కొందరు కూడా నెలనెలా గోష్ఠికి వస్తున్నారు. మన రాత్రి ఏడున్నర వారికి అక్టోబరు దాకా ఉదయం 9 గంటలు. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు కనుక మన ఏడున్నర వారికి 8 గంటలవుతుంది. అలవాటు ప్రకారం 9కి వచ్చినవారికి కార్యక్రమం ముగిసిపోయింది. వారిలో ఒకరు తన తాతగారి నాటి గ్రంథాలయం సంగతులు చెప్పడానికి సిద్ధమై వచ్చారు, ఆ ప్రసంగం ఆనాడు జరగలేదు, మరుసటి నెలకు పెట్టుకోవలసి వచ్చింది. ఇప్పుడు పిలుపులో రెండు ఊళ్ల వేళలూ విడివిడిగా రాస్తున్నాము. మార్చి రెండో ఆదివారం తరువాత మళ్లీ 9 గంటలవుతుందని కేలండరులో గుర్తు పెట్టుకున్నాము.

వారోత్సవాల ప్రసంగాన్ని యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా ఇచ్చాము. దీనికి ముందుగా చూసుకోవలసినవి:

1. కొత్త ఛానెల్‌కు ఫోను నంబరు ధ్రువీకరణ చేయాలి. ప్రత్యక్ష ప్రసారానికి అనుమతి రావడానికి 24 గంటల వరకు పడుతుంది కనుక ముందురోజు కాదు, ముందువారం చేసుకోవాలి.
2. ఫోను నుంచి నేరుగా ప్రసారం చేయాలంటే ఛానెల్‌కు కనీసం 50 మంది చందాదారులు కావాలి. లాప్‌టాప్ నుంచి అయితే ఆ నిబంధన లేదు.
3. మాట మన దగ్గర పలికిన 20 సెకన్లకు చూసేవారికి చేరింది. వక్త ‘ప్రశ్నలేమైనా ఉన్నాయా’ అని అడిగి వెంటనే ముగించకూడదు, ఒక నిమిషం మాట్లాడుతూ వేచి ఉండాలి.

చూసినవారి సంఖ్య యూట్యూబ్‌లో చాలా ఎక్కువగా వచ్చింది. పదేసి నిమిషాల లెక్క చూస్తే మాత్రం చివరిదాకా నిలిచినవారు అరుగు మీది పెద్దలు, మీట్‌లో ఉన్న అలవాటైన పాఠకులు. కాబట్టి నివేదికలో చూసినవారి సంఖ్యను పక్కన రాసి, ముందు వరుసలో చివరిదాకా ఉన్నవారిని, ఇచ్చిన పుస్తకాలను రాస్తున్నాము. గ్రంథాలయం చేసే కార్యక్రమం పుస్తకాన్ని ఇంటికి పంపలేకపోతే, ఆ పని మరే సంస్థ అయినా మనకంటే బాగా చేయగలదు.

ప్రకటన కోసం పాల కేంద్రం, రేషను దుకాణం, బస్టాండు దగ్గర కరపత్రాలు పంచాము. ఫ్లెక్సీ మీద వేసిన కోడును ఎవరూ స్కాన్ చేయలేదు. కరపత్రంలోని ఫోను నంబరుకు మాత్రం కాల్స్ వచ్చాయి. మళ్లీ ఫ్లెక్సీ వేయించము.

ఇప్పటివరకు ఖర్చు: కరపత్రాలు 300, ఫ్లెక్సీ 350. మొత్తం 5,930 రూపాయలు. ఇళ్లకు వెళ్లిన పుస్తకాలు 58.

తరువాతి దశకు మిగిలిన పనులు

1. రికార్డింగులను మాట మాత్రమే ఉండే చిన్న ఫైళ్లుగా మార్చి, మెమరీ కార్డులో వేసి పుస్తకంలాగే సభ్యత్వ కార్డు మీద ఇవ్వడం. గంట పఠనం దాదాపు 30 ఎంబీలో ఇమిడింది. మాట స్పష్టత అరుగు స్పీకరులో విని నిర్ణయించాలి.
2. చూపు తగ్గిన పాఠకులకు వారపత్రికల పఠనం. దీనికి ప్రచురణకర్తల అనుమతి కోసం ఉత్తరాలు రాశాము.
3. కాలువ అవతలి ఊళ్లో రెండో శ్రవణ కేంద్రం. పాల కేంద్రం వరండా ఇస్తామన్నారు. అక్కడ ప్లగ్ పాయింటు లేదు కనుక స్పీకరు బ్యాటరీ నిండు గొంతుతో ఎంతసేపు వస్తుందో ముందు కొలవాలి. 50 నిమిషాలు దాటితే వచ్చే నెల గోష్ఠి అక్కడ కూడా వినిపిస్తాము.